టెక్ సందేహాలు: తిరుగుతూ చదివేవాళ్ళకు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఇంటిపట్టున ఉండనివాళ్ళవే. బైక్ మీద ఊళ్ళు తిరిగేవాళ్ళు, ఓడల్లో పనిచేసేవాళ్ళు, లారీ నడిపేవాళ్ళు రాశారు. దారిలో ఉన్నప్పుడు చదువు ఎలా సాగించాలన్నదే అందరి బాధ. వాళ్ళందరికీ ముందుగా ఒక మాట. పుస్తకం ఫైలుగా మీ చేతిలో ఉండాలి, నెట్ లేకపోయినా తెరుచుకోవాలి, అక్షరాలు యూనికోడ్‌లో (ఏ ఫోనైనా, ఏ యాపైనా తెలుగుగా గుర్తుపట్టే పద్ధతిలో) ఉండాలి. ఏ పరికరం కొనాలన్నది ఆ తర్వాతి సంగతి.

ప్రశ్న: వచ్చే నెల బైక్ మీద స్పితి, లడఖ్ వెళ్తున్నాను సార్. నాలుగు పుస్తకాలు పెడితే బ్యాగులో రెయిన్‌కోటుకు చోటు ఉండట్లేదు. ఈ-రీడర్ కొనమంటారా, ఫోన్ సరిపోతుందా? తెలుగు సరిగ్గా కనిపిస్తుందా? (నిజామాబాద్ నుంచి)

కొనండి. కొండల్లో ఎండ నేరుగా పడుతుంటే ఫోన్ తెర మీద ఏమీ కనబడదు. ఈ-రీడర్‌లో ఉండే ఇ-ఇంక్ తెర మాత్రం అచ్చు కాగితంలా ఉంటుంది. పేజీ మారినప్పుడే దానికి కరెంటు కావాలి, అందుకే ఒక్క చార్జింగ్‌తో వారాల తరబడి వస్తుంది.

తెలుగు విషయంలో అట్ట మీద రాసింది నమ్మకండి. లక్ష్మి, రాష్ట్రం, స్వాతంత్ర్యం, అర్ఘ్యం లాంటి మాటలున్న ఒక ఈపబ్ ఫైలు (అక్షరాల సైజు మార్చుకోగలిగే ఈ-పుస్తకం) ఎక్కించి కళ్ళతో చూడండి. ఒత్తులు విడిపోయి పక్కన చుక్కల సున్నాలు కనబడితే ఆ మోడల్ వద్దు. స్నేహితుల దగ్గర ఉంటే అడిగి చూడండి, లేదంటే రిటర్న్ గడువు దాటకముందే తేల్చుకోండి. కోబో, పాకెట్‌బుక్, ఆండ్రాయిడ్‌తో నడిచే ఇ-ఇంక్ రీడర్లలో కోరీడర్ అనే ఉచిత యాప్ వేసుకోవచ్చు. ఒత్తులను సరిగ్గా కూర్చడంలో నాకు దాని మీదే గురి. ఫాంటుగా మండలి గాని, నోటో సెరిఫ్ తెలుగు గాని పెట్టుకోండి. రెండూ ఉచితమే.

చలి సంగతి మరవకండి. లిథియం బ్యాటరీ చలికి బిగుసుకుపోయి తొందరగా దిగిపోతుంది. సున్నా డిగ్రీల కంటే తక్కువలో చార్జింగ్ పెడితే శాశ్వతంగా దెబ్బతింటుంది. రాత్రిపూట రీడర్, పవర్‌బ్యాంక్ రెండూ స్లీపింగ్ బ్యాగులో మీతోనే పెట్టుకోండి. ఇ-ఇంక్ తెర లోపల పల్చటి గాజు ఉంటుంది, పైకి గీత కూడా పడకుండానే లోపల పగులుతుంది. పానాల సంచి పక్కన పెట్టకుండా గట్టి కవర్ వేసి బట్టల మధ్య పెట్టండి. ఇంకో ముఖ్యమైన విషయం: మన ప్రీపెయిడ్ సిమ్ లడఖ్‌లో పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ ఉండాలి. స్పితిలో ఆ నిబంధన లేకపోయినా సిగ్నల్ అందే చోట్లు తక్కువ. పుస్తకాలన్నీ ఇంట్లోనే దించుకొని, ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టి ఒక్కొక్కటీ తెరిచి చూసుకొని బయల్దేరండి.

ప్రశ్న: వీరాస్వామయ్య గారి కాశీయాత్ర చరిత్ర చదువుతూ ఆ దారినే వెళ్ళాలని కోరిక. స్కాన్ పీడీఎఫ్ దొరికింది గాని ఆరంగుళాల తెర మీద అక్షరాలు చీమల్లా ఉన్నాయి. పెద్దవి చేస్తే పంక్తి సగమే కనిపిస్తోంది. ఏం చేయాలి? (విశాఖపట్నం నుంచి)

మీ ఉత్తరం చూసి ఎంత సంతోషించానో చెప్పలేను. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా, అంటే మాటలు తర్జుమా చేసే ఉద్యోగిగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య గారు 1830 మే 18న బయల్దేరి, హైదరాబాదు, నాగపూర్, ప్రయాగల మీదుగా కాశీ చేరారు. గయ, కలకత్తా, పూరీ చూసుకొని కోస్తా దారిన 1831 సెప్టెంబరులో మద్రాసు తిరిగొచ్చారు. దారి పొడవునా మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళైకి రాసి పంపిన సంగతులే 1838లో పుస్తకంగా అచ్చయ్యాయి. దారి ఎలా ఉంది, ఊళ్ళో ఏం దొరుకుతుంది, దిగడానికి చోటుందా అని ఆయన పట్టి పట్టి రాశారు. తిరిగే మనిషికి పనికొచ్చే రాత అంటే అదీ.

స్కాన్ పీడీఎఫ్ అంటే అక్షరాలు కావు, ఫొటోలు. అందుకే ఫాంట్ పెంచడం కుదరదు. ముందు పాత పుస్తకాలను ఉచితంగా ఇచ్చే తెలుగు వికీసోర్స్ సైటులో వెతకండి. ఈ పుస్తకం అక్కడ ఫొటోలుగా కాక అక్షరాల పాఠంగా ఉంది. డౌన్‌లోడ్ మీట నొక్కి ఈపబ్ తీసుకుంటే అక్షరాలు మీ ఇష్టం వచ్చినంత పెద్దవి చేసుకోవచ్చు. అక్కడి పుస్తకాల్లో ప్రతి పుటకూ ఒక రంగు గుర్తు ఉంటుంది. ఎరుపంటే ఇంకా దిద్దలేదని, పసుపంటే ఒకరు దిద్దారని, ఆకుపచ్చంటే మరొకరు కూడా సరిచూశారని అర్థం. ఎర్ర పుటల్లో ఏదైనా మాట అర్థం కాకపోతే అది పాత తెలుగు అనుకొని టెన్షన్ పడకండి, స్కాన్‌ను అక్షరాలుగా మార్చిన యంత్రం తప్పు చదివి ఉండొచ్చు. స్కాన్ కూడా దగ్గరుంచుకుంటే సరిచూసుకోవచ్చు.

పాఠం దొరకని వేరే పాత పుస్తకాలకు కోరీడర్‌లోనే రీఫ్లో అనే అమరిక ఉంది. అది పుటను మాటలుగా కత్తిరించి, ఆ ముక్కలను మీ తెర వెడల్పుకు తగ్గట్టు మళ్ళీ పేరుస్తుంది. అక్షరాలను చదివే పని దానికి లేదు కాబట్టి ఏ లిపి అయినా ఒకటే. అయితే పాత అచ్చుల్లో పంక్తుల మధ్య ఎడం తక్కువ, ఒత్తులు కింది పంక్తికి అతుక్కుపోవచ్చు. అప్పుడు రీఫ్లో మాని, అంచుల్లోని తెల్లకాగితాన్ని కత్తిరించి, రీడర్‌ను అడ్డంగా తిప్పి సగం సగం పుట చదవండి. ఈ పద్ధతిలో చాలా పుస్తకాలు హాయిగా చదవొచ్చు.

దారి కోసం గూగుల్ మై మ్యాప్స్‌లో ఆయన మజిలీలను ఒక్కొక్కటిగా గుర్తుపెట్టి, కేఎంఎల్ ఫైలుగా (మ్యాప్ గుర్తులను దాచే ఫైలు) దించుకొని, ఆర్గానిక్ మ్యాప్స్ అనే యాప్‌లో తెరవండి. ఆ యాప్ నెట్ లేకుండా పనిచేస్తుంది. పుస్తకంలో ఊరి పేర్లు ఆనాటి పలుకులో ఉంటాయి. పేరు దొరక్కపోతే దాని ముందు మజిలీ, వెనక మజిలీ పెట్టి మధ్యలో చూడండి. ప్రతి గుర్తు కింద ఆయన ఆ ఊరి గురించి రాసిన వాక్యాన్ని అతికించుకుంటే అక్కడ దిగినప్పుడు వెతుక్కోనక్కర్లేదు. పుస్తకాన్ని అది పుట్టిన చోటే చదవడం తిరిగేవాళ్ళకే దక్కే భాగ్యం. దానికోసం ఒక వారం కూర్చుని మ్యాప్ తయారుచేసుకోవడం దండగ కాదు.

ప్రశ్న: లారీ నడుపుతాను సార్. చదివే తీరిక లేదు, వినాలని ఉంది. ఫోన్‌లో పీడీఎఫ్ చదివి వినిపించే యాప్ పెడితే తెలుగు బదులు ఏవో పిచ్చి శబ్దాలు వస్తున్నాయి. (సూర్యాపేట నుంచి)

యాప్‌ది తప్పు కాదు. మన ప్రచురణల్లో ఎన్నో అను ఫాంట్లలో కంపోజ్ అయ్యాయి. కంటికి తెలుగే, కాని లోపల ఉన్నది ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తుల గజిబిజి. యాప్ పాపం ఆ గజిబిజినే చదువుతోంది. ఫైల్లోంచి ఒక పంక్తి కాపీ చేసి వాట్సాప్‌లో అతికించండి. తెలుగు వస్తే యూనికోడ్, చెత్త వస్తే అను. ఏమీ రాకపోతే అది స్కాన్.

అను పీడీఎఫ్‌కైనా, స్కాన్‌కైనా ఒకే దారి: పుటలను ఫొటోలుగా చేసి గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, గూగుల్ డాక్స్‌తో తెరిస్తే అక్షరాలను గుర్తించి ఇస్తుంది. కొద్ది పుటల చొప్పున చేయండి, పెద్ద ఫైలయితే మొరాయిస్తుంది. తర్వాత ఫోన్ సెట్టింగ్స్‌లో టెక్స్ట్ టు స్పీచ్ తెరిచి తెలుగు గొంతును డౌన్‌లోడ్ చేసి ఉంచుకుంటే నెట్ లేని ఘాట్ రోడ్డులోనూ వినిపిస్తుంది. ఇంత శ్రమ వద్దనుకుంటే దాసుభాషితం యాప్‌లో మనుషులు చదివిన తెలుగు పుస్తకాలున్నాయి. కథలూ నవలలూ మనిషి గొంతులో వింటేనే రుచి. బండి కదలకముందే ప్లే చేయండి, నడుపుతూ ఫోన్ తాకొద్దు.

ప్రశ్న: టెలిగ్రామ్‌లో రాహుల్ సాంకృత్యాయన్ పుస్తకాల పీడీఎఫ్‌లు పంచుతున్నారు. దించుకోవచ్చా? (హైదరాబాద్ నుంచి)

దేశం పట్టి తిరిగేవాళ్ళకు హిందీ రచయిత రాహుల్‌జీ గురువులాంటివాడు. టిబెట్ వెళ్ళి పాత గ్రంథాలు మోసుకొచ్చిన మనిషి. ఆయన 1963 ఏప్రిల్ 14న పోయారు. మన చట్టం ప్రకారం రచయిత పోయిన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్ళు కాపీరైటు ఉంటుంది. ఆ లెక్కన ఆయన బతికుండగా అచ్చయిన హిందీ మూలాలు 2024 జనవరి 1 నుంచి అందరివీ. అనువాదం అలా కాదు. తెలుగు చేసినవారి హక్కు వేరుగా ఉంటుంది, దాని గడువు ఆ అనువాదకుల జీవితాన్ని బట్టి లెక్కపెట్టాలి. హిందీ వస్తే మూలం నిశ్చింతగా దించుకోండి. తెలుగు కావాలంటే కొనండి. మన ప్రచురణకర్తలు బతికితేనే మనకు ఇంకో పుస్తకం వస్తుంది.

ప్రశ్న: మర్చంట్ నేవీలో ఉన్నాను. అమెజాన్ వాళ్ళ ఈ-రీడర్ కిండిల్‌లో కొన్న పుస్తకాలను ఓడ ఎక్కేముందు ల్యాప్‌టాప్‌లో దాచుకునేవాణ్ణి. ఆ మీట ఇప్పుడు కనబడట్లేదు. (కాకినాడ నుంచి)

కంప్యూటర్‌కు దించుకొని యూఎస్‌బీతో ఎక్కించే సదుపాయాన్ని అమెజాన్ 2025 ఫిబ్రవరి 26 నుంచి తీసేసింది. ఇప్పుడు చాలావరకు వైఫై మీద రీడర్‌లోకి నేరుగా దించుకోవడమే. ఓడ ఎక్కేముందు అన్నీ దించి, ఒక్కొక్కటీ తెరిచి చూసి, వైఫై ఆపేయండి. సముద్రం మీద ఉండగా రీసెట్ మాత్రం చేయకండి, పుస్తకాలన్నీ పోతాయి, రేవు చేరేదాకా తిరిగి రావు. తాళం లేని (వేరే పరికరంలోకి కాపీ చేసుకున్నా తెరుచుకునే) ఈపబ్‌లు ఇచ్చే చోట కొన్నవీ, వికీసోర్స్‌వీ ఒక మెమరీ కార్డులో వేరుగా పెట్టుకోండి. మీరు గీసుకున్న వాక్యాలు కిండిల్‌లో మై క్లిప్పింగ్స్ అనే ఒక్క టెక్స్ట్ ఫైల్లో చేరతాయి. కేబుల్ పెట్టి దాన్ని కూడా ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేసుకోండి.