ఆ ఎక్లేర్‌ని ఇంటిదాకా మోసుకురాకు, అమ్మలూ

అమ్మలూ,

శనివారం లీల్ నుంచి పారిస్ వస్తున్నానని, ఇక్కడ సదహారు ఆఓకి అనే జపాన్ ఆయన పేస్ట్రీ షాపు చూడాలని ఉందని అన్నావు. చాలా సంతోషమేసింది. ఈ ఊరికొచ్చిన కొత్తలో నాకు చెప్పేవాళ్లు లేక పోగొట్టుకున్నవి కొన్ని ఉన్నాయి. నువ్వు పోగొట్టుకోకూడదనే ఈ ఉత్తరం.

షాపు 35, రూ ద వొజిరార్‌లో, లక్సెంబర్గ్ తోటకు దగ్గర్లో ఉంటుంది. ఆఓకి టోక్యోలో పుట్టి, ఫ్రాన్స్ వచ్చి ఇక్కడి పని నేర్చుకుని, 2001లో దాన్ని తెరిచాడు. చేసే పద్ధతి అచ్చంగా ఫ్రెంచి వాళ్లదే. అందులోకి మాచా అనే ఆకుపచ్చ టీ పొడి, నల్ల నువ్వులు, యుజు అనే జపాన్ నిమ్మజాతి పండు తెచ్చాడు.

లోపలికి వెళ్లగానే ముందు ‘బోంజూర్’ అని నమస్కారం చెప్పు. పలకరించకుండా ధర అడిగితే ఇక్కడ తప్పుగా అనుకుంటారు. ఫోటో కూడా అడిగే తీసుకో.

ఇప్పుడు అసలు సంగతి. నువ్వు గుడ్డు తింటావు గానీ మాంసం ముట్టవు కదా. నురగలా తేలిగ్గా ఉండే ఫ్రెంచి మూస్ కేకుల్లో చాలావాటికి గట్టిపడడానికి జెలటిన్ వేస్తారు. అది పంది, పశువు, చేప, వీటిలో దేనిదైనా కావచ్చు. చూడ్డానికి అన్నిటికంటే నున్నగా, అద్దంలా మెరిసేవాటి దగ్గరే ఎక్కువ జాగ్రత్తపడాలి. ‘ఇలియా ద లా జెలాటీన్?’, అంటే జెలటిన్ ఉందా అని అడుగు, మొహమాటపడకు. కేకుల పొరలకు పట్టించే పాకంలో మద్యం కలపడమూ మామూలే, అదీ కనుక్కో.

అన్నీ కొనాలనిపిస్తుంది. రెండు చాలు. నా మాట వింటే ఒకటి బాంబూ, ఇంకొకటి నల్ల నువ్వుల ఎక్లేర్, అంటే లోపల క్రీము నింపిన పొడవాటి పేస్ట్రీ.

బాంబూ అంటే ఒపేరా కేకుకు మాచా రూపం. మామూలు ఒపేరాలో బాదం స్పాంజి, కాఫీ క్రీము, చాక్లెట్, క్రీము కలిపి చేసే గనాష్ పొరలు పొరలుగా ఉంటాయి. ఇందులో కాఫీకి బదులు మాచా. తినే ముందు పక్కనుంచి ఒకసారి చూడు. ఆకుపచ్చ, నలుపు గీతలు పట్టుచీర అంచంత తిన్నగా ఉంటాయి. చెంచా పైనుంచి కిందిదాకా దించి అన్ని పొరలూ ఒకే ముద్దలో తీసుకో. పైపొర విడిగా తింటే మాచా చేదు ఒక్కటే తెలుస్తుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే తినకు, ఒక పావుగంట ఆగు. క్రీములోని వెన్న కాస్త మెత్తబడితే గానీ రుచి బయటికి రాదు.

ఎక్లేర్ సంగతి చెప్పనా. మొదటిసారి కొరికినప్పుడు నాకు మా అమ్మ రోట్లో దంచిన చిమ్మిలి గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి. అదే వేయించిన నువ్వుల వాసన, నాలుక చివర అదే చిరుచేదు. బెల్లం ఉండదు, తీపి తక్కువ. మన స్వీట్లు తిన్న నాలుకకు మొదట చప్పగా అనిపించొచ్చు. రెండో ముక్కదాకా ఓపిక పట్టు.

ఎవరికైనా ఇవ్వడానికైతే ‘బోంబోం మాకియాజ్’ అనే చాక్లెట్ల పెట్టె తీసుకో. మేకప్ రంగుల పెట్టెలా సన్నటి చాక్లెట్లు వరసగా పేర్చి ఉంటాయి. పాడుకాకుండా నిలిచేవి అవే.

ఎక్లేర్ అలా కాదు. ఒకసారి మీ పెదనాన్న కోసమని డబ్బాని సంచిలో అడ్డంగా పెట్టి మెట్రో ఎక్కాను. ఇంటికొచ్చి తెరిస్తే క్రీము మూతకంటుకుని, పైపొట్టు తడిసి మెత్తబడిపోయింది. ఆయన బాగుందనే తిన్నారు గానీ నాకు మనసొప్పలేదు. అందుకే కొన్నవెంటనే లక్సెంబర్గ్ తోటకు వెళ్లు. అక్కడ ఆకుపచ్చ ఇనుప కుర్చీలుంటాయి, డబ్బులేమీ కట్టక్కర్లేదు. నీళ్ల కొలను పక్కన కుర్చీ లాక్కుని, ఒళ్లో డబ్బా పెట్టుకుని అక్కడే తిను. మాకోసం ఏమీ తేవద్దు. రాత్రి భోజనానికి మాత్రం వచ్చెయ్యి, పప్పుచారు పెడతాను.

మీ పెద్దమ్మ