వారమంతా తోరా ఎలా చదువుతారు?

ప్రశ్న: మేం రోజూ బైబిల్ ఒక అధ్యాయం చదువుకుంటాం. యూదులు రోజుకింత అని పంచుకుని చదువుతారంట కదా, ఎలాగండీ? – ఒక పాఠకురాలు, సీతమ్మధార, విశాఖపట్నం

జవాబు: చాలా మంచి ప్రశ్న అడిగారమ్మా. తోరా అంటే మీ బైబిల్లో మొదటి ఐదు పుస్తకాలే, దాన్ని 54 భాగాలు చేసి వారానికొకటి చొప్పున (కొన్ని వారాలు రెండు కలిపి) ఏడాదిలో పూర్తి చేస్తారు, ఆ వారం భాగాన్ని మళ్ళీ ఏడు ముక్కలు చేసి ఆదివారం మొదటిది, శనివారం ఏడోది అలా చదివేవాళ్ళు చాలామందే ఉన్నారు. నోవహు వారమే తీసుకోండి, ఆదివారం ఓడ కట్టమని దేవుడు చెప్పడం, సోమవారం లోపలికెక్కడం, మంగళవారం జలప్రళయం, బుధవారం బయటికి రావడం, గురువారానికి గానీ ఇంద్రధనుస్సు రాదు! శనివారం బాబెలు గోపురం. ఒకేసారి చదివేస్తే ఆ ఎదురుచూపు ఉండదు కదా, నాకు ఈ పద్ధతిలో బాగా నచ్చేది అదే. దాంతోపాటు 11వ శతాబ్దపు యూదు పండితుడు రాషీ రాసిన వ్యాఖ్యానం కూడా చూస్తారు.

తల్మూద్, అంటే యూదుల ధర్మనియమాల మీద పండితుల చర్చలున్న గ్రంథం, చదివేది వేరే లెక్క. 1923లో రబ్బీ (యూదు మతగురువు) మేయిర్ షపీరో సూచనతో మొదలైన పద్ధతి ఇది, రోజుకో పత్రం, అంటే రెండు వైపులా, మొత్తం 2711, ఏడున్నరేళ్ళు పడుతుంది. పేజీ మధ్యలో మూలం, ఒక పక్క రాషీ, ఇంకో పక్క తర్వాతి తరాల పండితుల చర్చ, మీరు చదువుతుంటే చుట్టూ వాళ్ళు వాదించుకుంటున్నట్టే ఉంటుంది.

మీరూ మొదలెట్టాలనుకుంటే ఆదికాండంతో, నోవహు వారం నుంచే ట్రై చేయండి.