ఆ నీళ్ల సీసా ఏ ఎపిసోడ్‌లోనూ లేదు

వందేళ్ల కిందటి ఇంగ్లండ్‌లోని ఒక జమీందారీ కుటుంబం, వాళ్ల పనివాళ్ల కథ చెప్పే బ్రిటిష్ టీవీ సీరియల్ 'డౌన్టన్ అబీ'లో కాలానికి పొసగని పొరపాట్ల మీద వ్యాసం రాస్తున్నానని, అయిదో సీజనంతా వెతికినా అందరూ చెప్పుకునే ప్లాస్టిక్ నీళ్ల సీసా కనిపించలేదని, ఏ ఎపిసోడ్ పేరు రాయాలో తెలియడం లేదని అడిగారు. ఇంకెన్నిసార్లు చూసినా దొరకదండీ. అది 2014 ఆగస్టులో ప్రచారానికి విడుదల చేసిన ఫొటోలోది. నటులు హ్యూ బోనవిల్, లారా కార్మైకేల్ 1920ల దుస్తుల్లో దర్జాగా నిలబడితే, వెనక నిప్పుగూటి పైన నగిషీ పాత్ర పక్కనే సీసా! నవ్వులపాలయ్యాక నటులంతా తలో సీసా పట్టుకుని ఫొటో దిగి, దాన్ని మంచినీటి కోసం పనిచేసే వాటర్‌ఎయిడ్ సేవాసంస్థ ప్రచారానికి వాడుకున్నారు. తెలివైన పనే.

ఎపిసోడ్లలోని పొరపాట్లే కావాలంటే మొదటి సీజన్‌కు వెళ్లండి. కథ 1912లో, టైటానిక్ మునిగిన వార్తతో మొదలవుతుంది. 2010లో అది ప్రసారమైనప్పుడు ఇంటి మీద టీవీ యాంటెన్నా, రోడ్డు మీద ఈ కాలపు 'పార్కింగ్ నిషేధం' జంట పసుపు గీతలు ఉన్నాయని ప్రేక్షకులు పట్టేశారు. ఆ కాలంలో ఎవరూ అనని మాటలు పాత్రల నోట వచ్చాయనీ ఫిర్యాదులు వచ్చాయి.

నన్నడిగితే వ్యాసంలో వీటికి ఒక్క పేరా చాలు. మర్యాదలు, కూర్చునే తీరు చూడడానికి అలస్టెయిర్ బ్రూస్ అనే చరిత్ర సలహాదారుణ్ణే పెట్టుకున్నారు కదా. భోజనాల బల్ల దగ్గర తప్పు పట్టడం కష్టం. కానీ కథలో వంటమనిషి కళ్లు మసకబారితే యజమాని ఆమెను లండన్ పంపి చికిత్స చేయిస్తాడు. అంత ఆప్యాయత నిజంగా ఎన్ని బంగళాల్లో ఉండేది? మీ వ్యాసాన్ని అక్కడి నుంచి మొదలుపెట్టండి.