డిక్కీ కొలవకుండా ప్లై కొనకు

గుంటూరు

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు కార్లో ట్రాన్స్‌మిషన్ లైన్ సబ్‌ఊఫర్ పెట్టె, అదే లోతు బేస్ మోగించే స్పీకర్ పెట్టె, కడతానంటున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఆవిడకి అర్థమైంది మాత్రం 'కారు వెనకాల పెద్ద చెక్కపెట్టె' అన్నంత వరకే. తిరుపతి వెళ్తే సామాన్లు ఎక్కడ పెట్టుకోవాలిరా అని అడుగుతోంది. తేలిగ్గా తీసుకోకు. ఈ పెట్టె విషయంలో అందరికంటే సరైన ప్రశ్న ఆవిడే అడిగింది.

స్పీకర్ కోన్ ముందుకు ఎంత ధ్వని పంపుతుందో వెనక్కీ అంతే పంపుతుంది. సీల్డ్ పెట్టెలో ఆ వెనక ధ్వనిని లోపలే బంధిస్తాం. లైన్ పెట్టెలో దాన్ని మడతలు పెట్టిన పొడుగాటి దారి గుండా నడిపించి, చివర నోటి నుంచి బయటికి వదులుతాం. ఆ దారి పొడవు, మనకు కావాల్సిన బేస్ తరంగం పొడవులో నాలుగో వంతు ఉండాలి. అప్పుడు ఆ ఫ్రీక్వెన్సీ దగ్గర కోన్ పెద్దగా కదలదు, పని అంతా నోరే చేస్తుంది.

ఆలోచన పాతదే. 1965లో బ్రిటన్‌లో ఆర్థర్ బెయిలీ అనే ఆయన లోపల ఉన్ని నింపిన ఇలాంటి పెట్టె గురించి 'వైర్‌లెస్ వరల్డ్' పత్రికలో రాశాడు. వెనక ధ్వనిని మింగేసి ఇంట్లో పాట శుభ్రంగా వినిపించాలన్నది ఆయన ముఖ్య ఉద్దేశం. కార్లో మనం చేసేది దాదాపు దానికి ఎదురు. ఆ ధ్వనిని బయటికి రప్పించి వాడుకుంటాం. అందుకే ఇంటి స్పీకర్ల డ్రాయింగు తెచ్చి డిక్కీలో దించితే కుదరదు.

ఇక లెక్క. 30 డిగ్రీల గాలిలో ధ్వని సెకనుకు సుమారు 349 మీటర్లు పోతుంది. నీకు 38 హెర్ట్జ్ కావాలనుకో, 349ని 38తో, తర్వాత 4తో భాగించు. 2.3 మీటర్లు వస్తుంది. ఇంకా కిందికి, 28కో 25కో వెళ్దామనిపిస్తుంది. వద్దు. కారు చిన్న గది కాబట్టి బాగా లోతు బేస్‌ని తనంతట తనే పైకి లేపుతుంది. ఇంట్లో కష్టపడి తెచ్చుకోవాల్సింది కార్లో కొంత ఉచితంగా దొరుకుతుంది. 38 నీకు సరిపోతుంది.

దారి వెడల్పు మాట. 10 అంగుళాల ఊఫర్ కోన్ వైశాల్యం ఇంచుమించు 340 చదరపు సెంటీమీటర్లు. నీ ఊఫర్‌తో వచ్చిన కాగితంలో ఎస్‌డి అని ఉంటుంది, అదే చూసుకో. దారి అడ్డుకోత కనీసం అంత ఉండాలి, దానికి ఒకటిన్నర రెట్ల లోపు ఉంటే చాలు. నేనైతే 28 సెం.మీ. వెడల్పు, 16 సెం.మీ. ఎత్తు పెడతాను. ఎత్తు 10కి తగ్గిస్తే పెట్టె చిన్నదవుతుంది కదా అంటావు. ఊఫర్ లోతే 13, 14 సెం.మీ. ఉంటుంది. మాగ్నెట్ పోయి అడ్డపలకకి, అంటే మడతల మధ్య చెక్కకి, తగులుతుంది.

ఇప్పుడు 2.3 మీటర్లని 28, 16తో గుణించు. లోపలి చోటే 100 లీటర్లు దాటింది. అదే ఊఫర్ సీల్డ్ పెట్టెలో పాతిక లీటర్లతో సర్దుకుంటుంది, పోర్టెడ్, అంటే గాలి పోవడానికి గొట్టం పెట్టిన పెట్టె, అయితే నలభై, యాభై. మూడు మడతల్లో ఈ లైను కడితే బయటి కొలత సుమారు 76 పొడవు, 55 ఎత్తు, 32 మందం, అన్నీ సెంటీమీటర్లలో. చెక్కతో కలిపి 130 లీటర్ల పైమాటే. నీ 2018 స్విఫ్ట్ డిక్కీ కంపెనీ లెక్కలో 268 లీటర్లు. కాగితం మీద సగం మిగిలినట్టే ఉంటుంది. కానీ ఆ లీటర్లలో చక్రాల గూళ్ల పక్క సందులు, తలుపు వాలు కింద ఖాళీ అన్నీ కలిసి ఉంటాయి. పెట్టెకేమో మూలలు ఉంటాయి.

అందుకని ముందు ప్లై కొట్టుకి కాదు, అట్టపెట్టెల దగ్గరికి వెళ్లు. ఫ్రిజ్జు వచ్చిన అట్ట ఒకటి సంపాదించి అదే కొలతకి కోసి, టేపు అంటించి డిక్కీలో పెట్టి చూడు. తలుపు పడుతుందా, స్టెప్నీ తీయడానికి పెట్టె దించాలా, నోటి ముందు గాలికి కనీసం ఒక జానెడు ఖాళీ ఉందా, అన్నీ అక్కడే తేలతాయి. రేపెప్పుడో సీఎన్‌జీ సిలిండర్ పెట్టించే ఆలోచన బావగారికి ఉంటే ఈ ముచ్చట ఇక్కడే ఆపెయ్.

పట్టకపోతే ఏం చేయాలి? ఆటోనగర్లో ఎవరో ఒకరు 'పొడవు కొంచెం తగ్గిద్దాం, ఏం కాదు' అంటారు. అవుతుంది. 2.3 మీటర్లని మీటరున్నర చేస్తే ట్యూనింగ్, అంటే లైను మోగే ఫ్రీక్వెన్సీ, 58 హెర్ట్జ్ దగ్గరికి పోతుంది. అప్పుడది బేస్ కాదు, దడదడ. దారి సన్నం చేస్తే గాలి నోట్లో బుసలు కొడుతుంది. లైనుకి బేరం ఉండదు. చోటు లేకపోతే గౌరవంగా పోర్టెడ్ పెట్టె కట్టుకో, బాగానే మోగుతుంది.

చోటు ఉందనుకుందాం. 18 ఎం.ఎం. ప్లై 8×4 షీటు ఒకటి చాలు. ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై తీసుకో. ఎండీఎఫ్ (చెక్కపొట్టు అదిమి చేసిన పలక) చవక, కోత కూడా నున్నగా వస్తుంది. కానీ వానాకాలం మన కృష్ణ ఒడ్డు చెమ్మకి దాని అంచులు ఉబ్బుతాయి. 18 అని రాసిన షీటు ఒక్కోసారి 17 కూడా ఉండదు, కోయించే ముందు స్కేలు పెట్టి చూసుకో. మూడు అరలు, నాలుగు పలకలు అంటే ఆ తేడా నాలుగింతలు అవుతుంది.

పొడవు కొలిచేది దారి మధ్య గీత వెంట, గోడ వెంట కాదు. మలుపుల దగ్గర కూడా ఖాళీ 16 సెం.మీ. కంటే తగ్గకూడదు. నోటి బయట ఉన్న గాలి కూడా కొంత దారిలాగే పనిచేస్తుంది కాబట్టి చెక్కలో పొడవు ఏడెనిమిది సెం.మీ. తక్కువ పెట్టు, 2.23 చాలు. మూలల్లో ఏటవాలు ముక్కలు కొట్టాలా అని వడ్రంగి అడుగుతాడు. 38 హెర్ట్జ్ తరంగం పొడవు తొమ్మిది మీటర్ల పైన, దానికి ఆ మూలలు కనపడవు. పెట్టె గట్టిపడటానికి కావాలంటే కొట్టించు.

ఊఫర్‌ని దారి మూసిన చివర పెట్టకు. మూడో వంతు దూరంలో పెడితే 114 హెర్ట్జ్ దగ్గర వచ్చే అనవసరపు మోత అణుగుతుంది. ఈ పెట్టెలో ఆ మూడో వంతు సరిగ్గా మొదటి మలుపు మూల మీద పడుతుంది కాబట్టి, మలుపుకి ముందు ఎంత వీలైతే అంత దగ్గరికి జరుపు.

అన్నిటికంటే జాగ్రత్త కావాల్సింది అడ్డపలకల దగ్గర. బయటి గోడకి సందు ఉంటే తెలిసిపోతుంది. పాట పెట్టి అతుకుల వెంట అగరుబత్తి తిప్పితే పొగ వణుకుతుంది. కానీ లోపలి అడ్డపలక అంచున సందు ఉంటే బయట ఏ గుర్తూ ఉండదు. గాలి 2.3 మీటర్లు తిరగడం మానేసి ఆ సందులోంచి పక్క అరలోకి దాటేస్తుంది. బేస్ పల్చబడిపోతుంది, నువ్వేమో ఆంప్లిఫయర్ని అనుమానిస్తావు. ఆఖరి పక్క పలక మూసేటప్పుడే ఈ ప్రమాదం, ఎందుకంటే అప్పుడు లోపలికి చెయ్యి పోదు. కాబట్టి రెండు పక్క పలకలకీ అయిదారు ఎం.ఎం. లోతు గాడి తీయించు, అడ్డపలక ఆ గాడిలో కూర్చోవాలి. అందుకు అడ్డపలకల వెడల్పు ఆ మేరకు పెంచి కోయించాలి, మర్చిపోకు. గాడి నిండా ఫెవికాల్ పోసి, బయట నుంచి నాలుగు అంగుళాలకో స్క్రూ. మే నెల ఎండలో జిగురు పూసిన పది నిమిషాలకే పొర కట్టేస్తుంది. పొద్దున్నే ఏడింటికల్లా ఆ పని ముగించు, వడ్రంగి పదింటికి వస్తానంటే వేరే రోజు రమ్మను. చెయ్యి అందే అతుకులకి సిలికాన్ పుయ్యి, ఆ పులుపు వాసన పూర్తిగా పోయేదాకా ఊఫర్ బిగించకు.

దిండ్లలో కూరే పాలిస్టర్ ఫైబర్ మొదటి అరలో గోడలకి పల్చగా అంటించు, మూసిన చివర కొంచెం మందంగా. నోటి వైపు వద్దు. గుంటూర్లో పత్తికి కొదవా అని దూది కూరేవు, చెమ్మ పట్టి ముద్దయి కిందికి జారిపోతుంది.

బిగించాక ఫోన్లో టోన్ యాప్ పెట్టి తక్కువ వాల్యూంలో 60 హెర్ట్జ్ నుంచి మెల్లగా కిందికి దిగు. ఒకచోట కోన్ కదలిక బాగా తగ్గుతుంది, అదే నీ ట్యూనింగ్. 36 నుంచి 40 మధ్య వస్తే మంచి పని చేసినట్టే. మధ్యాహ్నం బెజవాడ బెంజి సర్కిల్ దగ్గర ఎండలో ఆపిన కార్లో లోపల గాలి 55 డిగ్రీలైతే 38 కాస్తా 40కి చేరుతుంది, దానికి టెన్షన్ పడకు. ట్యూనింగ్ కంటే కిందికి పోతే మాత్రం కోన్‌ని పట్టి ఆపేది ఏమీ ఉండదు, విపరీతంగా ఊగుతుంది. అందుకే ఆంప్లిఫయర్లో సబ్‌సోనిక్ ఫిల్టర్ (మరీ కింది ధ్వనిని ఆపేది) 30 హెర్ట్జ్ దగ్గర తప్పకుండా పెట్టు, పైన 80 దాటింది కోసెయ్. సబ్‌సోనిక్ లేని ఆంప్లిఫయర్ ఎంత చవకగా వచ్చినా తీసుకోకు. బ్యాటరీ నుంచి వచ్చే వైరుకి మొదటి జానెడు, జానెడున్నరలోనే ఫ్యూజ్ ఉండాలి. ఊఫర్‌తో కలిపి పెట్టె 30 కిలోలు ఉంటుంది. వారధి మీద సడన్ బ్రేక్ వేస్తే అది సీటు మీదకి రాకుండా బెల్టుతో నేలకి కట్టించు.

ఈ ఆదివారం టేపు తీసుకుని డిక్కీ నోటి వెడల్పు, ఎత్తు, చక్రాల గూళ్ల మధ్య దూరం, సీటు వాలు కొలిచి వాట్సాప్‌లో పెట్టు. ఊఫర్ కాగితం ఫొటో కూడా. కోత డ్రాయింగు నేను గీసి పంపుతాను, ప్లై ఆ తర్వాత కొందువుగాని. బావగారికి నా నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
మామయ్య