యూకేజీలో ‘కమ్యూనిటీ హెల్పర్స్’ పాఠం: ఇంట్లో ఏం చేయించాలి?

మీరడిగింది ఇదీ: తిరుపతిలో యూకేజీ చదివే పాప చార్టు చూసి డాక్టర్, పోలీస్, పోస్ట్‌మన్ అని పేర్లు గడగడా చెప్పేస్తుంది, ‘పోస్ట్‌మన్ ఏం చేస్తాడు?’ అంటే మాత్రం బిక్కమొహం వేస్తుంది. ఇంట్లో ఏం చేయించాలి? ఫ్యాన్సీ డ్రెస్‌కు అద్దె డ్రెస్ తేవాలా?

తప్పు పాపది కాదు, చార్టుది. బుక్ షాపులో దొరికే ఆ చార్టులో అందరూ నవ్వుతూ నిలబడి ఉంటారు, పని చేస్తున్నవాళ్ళు ఒక్కరూ కనబడరు. ఈ వయసు పిల్లలకు మనిషి గుర్తుండేది చేతిలోని వస్తువును బట్టి, దాంతో చేసే పనిని బట్టి. కాబట్టి వారానికి ఒక్కరినే పట్టుకోండి. టీచర్ అదే వారంలో పదిమందిని పూర్తి చేసినా సరే, మీరు తొందరపడొద్దు.

పోస్ట్‌మన్‌తో మొదలుపెట్టండి. ఆ పనిని మొదటి నుంచి చివరిదాకా పిల్ల చేత్తోనే చేయించవచ్చు. పోస్టాఫీసుకు పాపను తీసుకెళ్ళి పోస్టుకార్డులు నాలుగైదు కొనండి. స్టాంపు కార్డు మీదే అచ్చై ఉంటుంది, విడిగా అంటించే పని లేదు. ఒక కార్డు అవ్వకు, ఒకటి మీ ఇంటికే, పాప పేరు మీద. ఈ రెండోదే అసలు పాఠం, ఎందుకంటే తను డబ్బాలో వేసిన కార్డు పోస్ట్‌మన్ చేతుల మీదుగా తనకే తిరిగొస్తుంది. పాప పేరు కింద ‘కేరాఫ్’ అని మీ పేరు తప్పక రాయండి. పోస్ట్‌మన్‌కు పెద్దవాళ్ళ పేర్లు తెలుస్తాయి గానీ యూకేజీ పిల్ల పేరు ఎలా తెలుస్తుంది?

అడ్రసు మీరే రాయండి. పిన్ కోడ్ కోసం ఉన్న ఆరు గడులు మాత్రం పాపకు వదలండి, గడికొక అంకె. తిరుపతి 517501, చిత్తూరు 517001, పలమనేరు 517408. మూడింటినీ ఒకదాని కింద ఒకటి రాసి ‘ఏ అంకెలు ఒకేలా ఉన్నాయి?’ అని అడిగితే 517ను తనే పట్టేస్తుంది. మొదటి మూడు అంకెలు సార్టింగ్ జిల్లావి, చివరి మూడు ఫలానా పోస్టాఫీసువి. అంత వివరం పిల్లకు అక్కర్లేదు, ‘ముందు ఊరి వైపుకు, తర్వాత మన పోస్టాఫీసుకు’ అంటే చాలు.

ఇక్కడ చెడిపోయేవి కొన్నున్నాయి. స్కెచ్ పెన్నుతో రాసిన అడ్రసు తడిస్తే అలుక్కుపోతుంది, బాల్‌పెన్ను వాడండి. మెరుపు కాగితాలు, స్టిక్కర్లు అంటించనివ్వకండి, బొమ్మ కావాలంటే రంగు పెన్సిల్‌తో కార్డు మీదే గీయమనండి. అడ్రసు వైపు కుడి సగంలోకి గీత రాకూడదు. డబ్బా మీద ఉత్తరాలు తీసే వేళ రాసి ఉంటుంది, అది దాటాక వేస్తే కార్డు మర్నాటిదాకా డబ్బాలోనే. పాప ఇంట్లో ఉండే శనివారానికి అందేలా గురువారం వేయడం మంచిది. కానీ ఆ రోజే వస్తుందని మాటివ్వకండి. రాకపోతే ఏడుస్తుంది, పోస్ట్‌మన్ మీద కోపం పెంచుకుంటుంది.

రెండో వారం చెత్త బండివాళ్ళు. తడి చెత్తకు ఆకుపచ్చ బుట్ట, పొడికి నీలం, పాత బల్బులు, బ్యాటరీల లాంటి ప్రమాదకరమైనవాటికి ఎరుపు. ఒక్క పూట చెత్త చాలు: కూరగాయల తొక్కలు, పాల ప్యాకెట్, అట్టపెట్టె. పగిలిన గాజు జోలికి పాపను పోనివ్వొద్దు, దాన్ని మీరే మందపాటి కాగితంలో చుట్టి విడిగా ఇవ్వండి. ‘ఇలా చుట్టకపోతే అక్క చెయ్యి తెగుతుంది’ అన్న ఒక్క మాట పేజీ వర్క్‌షీట్ కన్నా ఎక్కువ నేర్పుతుంది. పాల ప్యాకెట్ మూలను పూర్తిగా తెంచకుండా ప్యాకెట్‌కే అంటుకుని ఉండేలా కత్తిరించండి. తెగిన చిన్న ముక్క ఎవరి చేతికీ దొరకదు, నేరుగా కాలువలోకే పోతుంది.

బండి వచ్చినప్పుడు పాప చేత అడిగించాల్సిన ప్రశ్నలు మూడే. ‘అక్కా, మీరు ఎన్ని గంటలకు లేస్తారు? ఏ వస్తువు లేకపోతే మీ పని ఆగిపోతుంది? మేం ఏం చేస్తే మీకు తేలికవుతుంది?’ రెండు నిమిషాలు దాటనివ్వకండి, బండి కదలాలి. అడగకుండా ఫోటో తీయకండి.

పోలీస్, డాక్టర్ల దగ్గరికొచ్చేసరికి పాఠాన్ని చెడగొట్టేది మన నోరే. ‘అన్నం తినకపోతే పోలీసోళ్ళకు పట్టిస్తా’, ‘సూది వేయిస్తా’ అని రోజూ బెదిరిస్తే, జాతరలో తప్పిపోయిన పిల్ల పోలీసును చూసి దగ్గరికి పోదు, దాక్కుంటుంది. జనం తోసుకునే మన ఊళ్ళో ఇది చిన్న విషయం కాదు. ఆ బెదిరింపులు మానేసి తన పేరు, అమ్మానాన్నల పేర్లు, ఒక ఫోన్ నంబరు గుక్కతిప్పుకోకుండా చెప్పడం నేర్పండి.

నంబర్లలో ముందు ఏ ఆపదకైనా పనికొచ్చే 112 ఒక్కటీ చాలు. 108 (అంబులెన్స్), 101 (ఫైరింజన్) తర్వాత. అట్టముక్క మీద ఫోన్ మీటలు గీసి ఆడించండి, అసలు ఫోన్ ఇవ్వకండి. స్క్రీన్ లాక్ వేసి ఉన్నా ఎమర్జెన్సీ కాల్ వెళ్ళిపోతుంది. ‘ఏమైంది, ఎక్కడ, ఫోన్ పెట్టేయకూడదు’ అనే వరుస చాలు. ‘ఎక్కడ’కు మా ఇల్లు అంటే పనికిరాదు, దగ్గర్లోని గుడో స్కూలో పేరు చెప్పాలి.

చార్టులో కనబడనివాళ్ళు మనకు ఇంకా ఉన్నారు. కరెంటు పోతే స్తంభమెక్కే లైన్‌మన్, కళ్యాణకట్టలో గుండు గీసేవాళ్ళు, కొండ బస్సు డ్రైవర్లు (ఎక్కేది ఒక ఘాట్ రోడ్డు, దిగేది వేరొకటి, కిటికీ పక్కన కూర్చోబెట్టి చూపించండి), జీతం లేకుండా పనిచేసే శ్రీవారి సేవకులు. ‘డబ్బులివ్వకపోయినా ఎందుకు చేస్తున్నారు?’ అని పాప అడిగితే, వాళ్ళనే అడగమనండి.

ఫ్యాన్సీ డ్రెస్‌కు అద్దె డ్రెస్ వద్దు. మన ఎండకు ఆ పాలిస్టర్ ఖాకీలో పిల్ల చెమటకు చిరాకు పడి, బట్టీ పట్టిన మాట మర్చిపోతుంది. మామూలు బట్టలే వేసి, భుజానికొక గుడ్డసంచి తగిలించి, అందులో క్లాసులోని నలుగురైదుగురి పేర్లు రాసిన కవర్లు పెట్టండి. స్టేజీ మీద నిలబడి చెప్పకుండా, పేరు పిలిచి కవరు చేతికిస్తే చాలు. పేర్లు చదవడం ఇంకా రాకపోతే పేరు పక్కన ఒక్కొక్క రంగు చుక్క పెట్టి, ఏ చుక్క ఎవరిదో ముందురోజు రాత్రి ఒకసారి అడిగి చూడండి.