షుగర్ ఉన్నవారికి రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు వడపోసి బయటికి పంపే వ్యర్థం) మామూలుగా ఉన్నా మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ ఎందుకు పోతుంది?

వడపోత గోడను పట్టి ఉంచే పోడోసైట్ కణాలు ముందే దెబ్బతింటాయి, కిడ్నీల మొత్తం వడపోత సామర్థ్యం పడిపోయి క్రియాటినిన్ పెరగడం మాత్రం చాలా ఆలస్యంగా జరుగుతుంది కాబట్టి. గ్లూకోజు ఏళ్ల తరబడి హెచ్చుగా ఉంటే కిడ్నీలో యాంజియోటెన్సిన్-2, టీజీఎఫ్-బీటా అనే సంకేతాలు అతిగా పనిచేసి, పోడోసైట్ల పట్టు సడలించి, మచ్చ కణజాలాన్ని పెంచుతాయి. రాలిపోయిన పోడోసైట్లు దాదాపుగా మళ్లీ పుట్టవు.

హైదరాబాద్‌లోని ఒక ల్యాబ్ రిపోర్టులో రక్తంలోని క్రియాటినిన్ మామూలుగా 0.9 ఉండి, దాని కిందనే మూత్రపు ఆల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి గ్రాముకు 120 మిల్లీగ్రాములు ఉందనుకుందాం. అది 30 లోపు ఉండాలి. మూడు నెలల తర్వాత కూడా తగ్గకపోతే, వేరే కారణం లేనప్పుడు, కిడ్నీ జబ్బు మొదలైనట్టే.

షుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్ మాత్రలే కిడ్నీలను పాడు చేస్తాయన్నది మన దగ్గర పాతుకుపోయిన అపోహ. కిడ్నీలు బాగా దెబ్బతిన్నాక డాక్టర్లు దాన్ని తగ్గించేది, ఆపేది ఆ మందు ఒంట్లో పేరుకోకూడదనే.