డేటా సెంటర్ల నీడలో 62 ఎకరాలు: ఈజ్‌మెంట్ రాసే ముందు

ప్రశ్న: వర్జీనియాలోని ఫాకియర్ కౌంటీలో 2016లో 62 ఎకరాల పొలం కొన్నాం. సగం పచ్చిక, సగం అడవి, మధ్యలో వాగు. బ్యాంకు అప్పు ఇంకా ఉంది. మా తర్వాత ఎవరి చేతికి వెళ్లినా అక్కడ ప్లాట్లు, డేటా సెంటర్లు రాకూడదు. మా ఇద్దరు పిల్లలకూ చెరో ఇల్లు కట్టుకునే వీలుండాలి. కన్సర్వేషన్ ఈజ్‌మెంట్ రాస్తే పన్ను కూడా తగ్గుతుందంటున్నారు, నిజమేనా? గుంటూరు జిల్లాలో నాన్నగారిచ్చిన 4 ఎకరాలకూ ఇలాగే రాయొచ్చా?

జవాబు: వర్జీనియాలో మీరు కోరుకున్నది జరుగుతుంది. కన్సర్వేషన్ ఈజ్‌మెంట్ అంటే భూమి వాడకంపై శాశ్వత షరతులు పెడుతూ రాసిచ్చే దస్తావేజు. పొలం మీ పేరు మీదే ఉంటుంది. సాగు చేసుకోవచ్చు, కౌలుకివ్వచ్చు, అమ్ముకోవచ్చు. ముక్కలు చేసే హక్కు, దస్తావేజులో లేని కట్టడాలు కట్టే హక్కు మాత్రం శాశ్వతంగా వదులుకుంటారు. ఆ షరతులు అమలు చేయించే అధికారాన్ని ఒక ల్యాండ్ ట్రస్టుకో (భూములను కాపాడే స్వచ్ఛంద సంస్థ), 1966లో రాష్ట్రం ఏర్పాటు చేసిన వర్జీనియా అవుట్‌డోర్స్ ఫౌండేషన్‌కో రాసిస్తారు. రేపు కొనేవాళ్లూ వాటికి కట్టుబడాల్సిందే.

చాలామంది పన్ను లెక్కతో మొదలుపెడతారు. మీరు దస్తావేజు భాషతో మొదలుపెట్టండి. ‘రెండు ఇళ్లు కట్టుకోవచ్చు’ అని ఊరికే రాస్తే చాలదు. ఏ చోట, ఎన్ని చదరపు అడుగులు, దారి ఎటు నుంచి, బోరు, సెప్టిక్ ట్యాంకు ఎక్కడ అన్నది సర్వే పటం మీద గీయించి దస్తావేజుకు జతచేయాలి. ఇల్లు కట్టే హక్కు ఉన్నంత మాత్రాన ఆ ఇంటి స్థలాన్ని విడదీసి పిల్లల పేర రాసే హక్కు రాదు. పొలాన్ని రెండుగా విభజించే హక్కును విడిగా, ఇప్పుడే అట్టిపెట్టుకోవాలి. పశువుల కొట్టం, సోలార్ పలకలు, కలప కోత కూడా అంతే. తర్వాత మార్చాలంటే ట్రస్టు ఒప్పుకోవాలి, అది తేలికగా ఒప్పుకోదు. మీరు అట్టిపెట్టుకునే ప్రతి హక్కూ ఈజ్‌మెంట్ విలువను కొంత తగ్గిస్తుంది. అయినా పిల్లల ఇళ్ల విషయంలో రాజీపడొద్దు.

ఇక బ్యాంకు అప్పు. కేసులు దెబ్బతినే చోట్లలో ఇదొకటి. తనఖా మీ ఈజ్‌మెంట్ కన్నా ముందుది కాబట్టి, అప్పు తీరక బ్యాంకు పొలాన్ని వేలం వేస్తే ఈజ్‌మెంట్ కొట్టుకుపోతుంది. అందుకే బ్యాంకు తన హక్కు ఈజ్‌మెంట్ తర్వాతేనని ఒప్పుకుంటూ సబార్డినేషన్ పత్రం ఇవ్వాలి. అదీ ఈజ్‌మెంట్ రికార్డయ్యే నాటికే ఇవ్వాలి. కొలరాడోలో ఒక ర్యాంచి యజమానులు 2003 చివర ఈజ్‌మెంట్ రాసి, అప్పిచ్చిన వ్యక్తి నుంచి ఈ పత్రం 2005లో తెచ్చారు. వాయిదాలు సక్రమంగా కడుతున్నా మొత్తం పన్ను మినహాయింపు పోయింది. 2015లో అప్పీలు కోర్టు కూడా అదే ఖాయం చేసింది. బ్యాంకులు ఈ పత్రానికి నెలలు తీసుకుంటాయి, ముందు దానికే దరఖాస్తు పెట్టండి.

పన్ను సంగతి. పొలం విలువ ఇప్పుడు 12 లక్షల డాలర్లు, షరతుల తర్వాత 7.5 లక్షలు అనుకుందాం. ఈజ్‌మెంట్ విలువ 4.5 లక్షలు. అందులో 40 శాతం, అంటే 1.8 లక్షలు, వర్జీనియా పన్ను క్రెడిట్‌గా, అంటే కట్టాల్సిన రాష్ట్ర పన్నులోంచే నేరుగా తగ్గించుకునే మొత్తంగా, ఇస్తుంది. ఏటా వాడుకోవడానికి పరిమితి ఉంది, మిగిలింది తర్వాతి ఏళ్లకు జరుపుకోవచ్చు, ఇంకొకరికి అమ్ముకోనూవచ్చు. అయితే 2019 నిబంధనల ప్రకారం ఆ క్రెడిట్‌ను ఫెడరల్ మినహాయింపులోంచి (కేంద్ర పన్ను లెక్కలో ఆదాయం నుంచి తీసేసుకునే మొత్తం) తీసేయాలి. కాబట్టి అక్కడ మీకు మిగిలేది 2.7 లక్షలే. అదీ ఏటా మీ సర్దుబాటు ఆదాయంలో సగం మేరకు, మిగతాది మరో 15 ఏళ్ల వరకు. మీ రాబడిలో సగానికి పైగా సేద్యం నుంచే వస్తే పరిమితి 100 శాతం.

అప్రైజల్, అంటే నిపుణుడి విలువ మదింపు, ఈజ్‌మెంట్‌ను దానంగా రాసిచ్చే తేదీకి 60 రోజులకు మించి పాతదై ఉండకూడదు. పొలం స్థితిని ఫొటోలు, పటాలతో నమోదు చేసే బేస్‌లైన్ నివేదిక దస్తావేజు నాటికే సిద్ధంగా ఉండాలి. దానానికి పన్ను మినహాయింపు కోరే 8283 ఫారంలో మీరు కొన్న ధర గడి ఖాళీగా వదిలితే మినహాయింపు మొత్తానికే ముప్పు.

మరో మాట. ‘లక్ష పెట్టండి, నాలుగు లక్షల మినహాయింపు’ అంటూ ఈజ్‌మెంట్ రాసే భాగస్వామ్యంలో చేరమనేవాళ్లు తగిలితే దూరంగా ఉండండి. పెట్టుబడికి రెండున్నర రెట్లు దాటే అలాంటి మినహాయింపులను 2022 చట్టం చాలావరకు మూసేసింది.

హైటెన్షన్ లైనుకో, రోడ్డుకో భూసేకరణ జరిగితే ఈజ్‌మెంట్ ఒక్కటే దాన్ని ఆపలేదు. అప్పుడొచ్చే పరిహారంలో ట్రస్టుకు వాటా ఉంటుందని దస్తావేజులో ఉండి తీరాలి. పై లెక్కలో (12 లక్షల్లో 4.5 లక్షలు) అది 37.5 శాతం. ఈ నిబంధన పదాల మీదే ఎన్నో కేసులు నడిచాయి, ఎక్కడో దొరికిన నమూనా తెచ్చి అతికించొద్దు.

గుంటూరు భూమికి ఈ దారి లేదు. మన 1882 ఈజ్‌మెంట్స్ చట్టంలో 4వ సెక్షన్ ప్రకారం ఈజ్‌మెంట్ పొందేవారికి దానివల్ల మేలు కలిగే భూమి ఉండాలి. ఊరికి దూరంగా ఉన్న ట్రస్టుకు అలాంటి భూమి ఉండదు. తమ్ముడికి దానంగా రాస్తూ ‘ప్లాట్లు వేయకూడదు’ అని షరతు పెట్టినా, ఆస్తి బదిలీ చట్టం 11వ సెక్షన్ ప్రకారం ఆయన దాన్ని పట్టించుకోనక్కర్లేదు. ఒక్క మినహాయింపు ఉంది. ఆ 4 ఎకరాల్లో 2 మీరే ఉంచుకుని, మిగతా 2 రాసిచ్చేటప్పుడు మీ పొలానికి నీటి పారుదల, గాలి వెలుతురు చెడకూడదన్న కారణం చూపి కట్టడాలు వద్దని రాయండి. ఆ షరతు తెలిసి కొన్నవారి మీద అదే చట్టం 40వ సెక్షన్ కింద మీరు కోర్టుకు వెళ్లొచ్చు.